రోయు

అట్ట ఊడిన నిఘంటువు ఒకటి
సఖినేటిపల్లి రేవు దగ్గర పాతసామాన్ల కొట్లో
చెదలు వదిలిన కాగితాలకే తూకం కట్టి ఇచ్చాడు.
నేను రోజూ వాడే మాటని అందులో వెతుక్కున్నాను.

రోయు: అసహ్యపడు.
తెలిసిందే.
మా గవర్రాజు చెరువులు తవ్విన ఏటినుంచీ
నాకు కూడూ నీళ్ళూ ఆ మాటే.
గట్టుకి అవతల వాడి రొయ్యలు, ఇవతల నా అరెకరం.
మూడో పంటకల్లా ఉప్పు తెల్లగా పైకి తేలింది,
వరి ఈనకుండానే ఎర్రబారిపోయింది.
రాత్రంతా ఏరియేటర్లు నీళ్ళని చిలుకుతుంటే
ఎవరో నా చెవిలో పళ్ళు కొరుకుతున్నట్టుండేది.
పండక్కి గిన్నెడు రొయ్యలు పంపాడు.
కుక్కకైనా పెట్టకుండా కాలవలో పోశాను.
"నీ మొహం చూస్తే రోత" అన్నాను,
వీధిలో, నలుగురూ వింటుండగా.
అక్కని. పాలిచ్చి పెంచలేదు గాని
వాడి చీమిడి తుడిచిన కొంగు నాదే.

కోపమైతే అరిస్తే దిగుతుంది.
ఇది దిగదు. అన్నం ముద్ద గొంతు దగ్గర ఆగిపోతుంది,
పైపెదవి దానంతటదే వంకర తిరుగుతుంది.
చేప కోసిన చేతికి ఎంత సున్నిపిండి రాసినా
గోటి కింద మిగిలే వాసన చూడండి,
అదీ రోతంటే.

శ్రావణంలో వశిష్ఠ పొంగి చెరువుగట్లు తెగిన రాత్రి
మోటార్లు విప్పుకొస్తానని వెళ్ళినవాడు రాలేదు.
మూడు రోజులు.
పంటు కట్టేశారు. పోలయ్య నావ మీద
గుర్రపుడెక్క తోసుకుంటూ లంకలన్నీ తిరిగాను.
"పాటుకి పోయింది పోటుకి వస్తుందమ్మా" అన్నాడు
నాకేసి చూడకుండా.
ఉబ్బి తేలిన ప్రతిదాన్నీ గెడతో తిరగేయించాను.
దూడలు, ఒక పంది, ఎవరిదో పరుపు.
ముక్కు మూసుకున్నట్టు గుర్తు లేదు.

మూడోనాటి సాయంత్రం, కొబ్బరి మొవ్వులో,
ఎండి పెచ్చులూడుతున్న బురదతో వాడు.
రెండు బొండాలు పళ్ళతో చీల్చుకు తాగాడట.
"అక్కా" అన్నాడు.
"ఛీ, ఎదవా" అన్నాను.
ఇంకో మాట రాలేదు.

మళ్ళీ చెరువులు నింపాడు. నా చేను ఇంకా చవుడే.
వాడి గడప నేను తొక్కను.

ఆ మాట కింద రెండో అర్థం కూడా ఉంది.
చెద సగం తినేసింది,
లాంతరుకి అడ్డం పెట్టి చదివాను.
రోయు: వెదకు.

వాడి బురద చొక్కా మా చూరుకే వేలాడుతోంది.
మూడుసార్లు ఉతికాను.
పంపలేదు.