మిగిలిన వాక్యం

ఎవరెవరో సగంలో వదిలేసిన వ్యాసాలు.
పూర్తిచేసే పని నాది.

కట్టలో పదకొండోది పైల దాలినాయుడుది.
నౌపడ ఉప్పుమళ్ల గురించి మూడు పేజీలు,
ఆపైన
"ఉప్పు తేలే ముందు నీటి రంగు"
అంతే. కలం మూసేశాడు.

ఆ రంగు నాకు తెలీదు.
టెక్కలిలో బస్సెక్కాను.

మడిలో పలక లాగుతున్న బగాది చిన్నమ్మి
తలెత్తకుండానే అంది:
"ఎర్రగొచ్చీస్తాది బాబూ, సేపలు కడిగిన నీల్లలాగ.
ఆయనా ఇదే అడిగీసి ఎలిపోనాడు."

అయితే తెలుసన్నమాట అతనికి!
తెలిసీ వదిలేశాడు.

ఆమె మాటే రాశాను, చుక్క పెట్టాను.
'గాలి'కి బదులు అతను రాసిన 'గాళి'ని దిద్దలేదు;
ఆ మళ్ల మీద వీచేదానికి అదే బాగుంది.

కింద పేరు అతనిదే.
నా వేళ్ల సందుల్లో
రెండు రోజులు
ఉప్పు.