పరగడుపు

తెల్లారి ఆరింటికి,
జూట్ మిల్లు సైరన్ కన్నా ముందే,
నా ల్యాబు మెట్ల మీద పరగడుపులు వచ్చి కూర్చుంటాయి.
నెల్లిమర్లలో మనుషుల్ని నేను
మోచేతి మడతలతో గుర్తుపడతాను.
ఈ నరం గొర్లె సత్యవతిది, ఎప్పుడూ దాక్కుంటుంది.
ఈ నరం దన్నాన ఎర్రునాయుడిది.
ముప్పై ఏళ్లు మగ్గం నడిపిన చెయ్యి,
గోగునార తాడులా పైకి తేలి ఉంటుంది,
సూది వెతుక్కోనక్కర్లేదు.

రక్తం వెచ్చగా సీసాలోకి దిగుతున్నప్పుడే
అందరూ అన్నీ ఒప్పేసుకుంటారు.
రాత్రి నానబెట్టిన మెంతులు,
తేనెలో రెండు వెల్లుల్లి రెబ్బలు,
నేరేడు గింజల పొడి,
కొండ మీంచి సవర ముసలమ్మ దింపుకొచ్చిన
తెల్లమద్ది చెక్క, పాలల్లో కాచి.
"గుండికాయకి మంచిదంట గదమ్మా?"
నేను తల ఊపుతాను.
ఆ ఊపు అవునో కాదో
నాకే తెలియదు.

మూడు వందల పన్నెండు.
అది ఎర్రునాయుడి మొదటి కాగితం,
మిల్లుకి లాకౌట్ బోర్డు పడిన నెలలో.
మూడు నెలలకి నూట అరవై.
"పొడమ్మా, పొడి!"
చొక్కా జేబులోంచి పొట్లం తీసి చూపించాడు.
సంతలో కొన్న పొడపత్రి ఆకు.
పేరు లేదు, తేదీ లేదు,
ఎవరి పిల్లాడి ఎక్కాల కాగితంలోనో కట్టి ఉంది,
పదమూడో ఎక్కం, ఆరో వరసలో తప్పు.

నేను మనసులో వేరే లెక్క వేశాను.
మిల్లు మూతపడింది గనక
క్యాంటీన్‌లో ఆరు టీలు పోయాయి.
షిఫ్టు తప్పింది గనక రాత్రికి నిద్రొచ్చింది.
సైకిలు అమ్మేశాడు గనక
చంపావతి అవతలి ఇటుక బట్టీకి నడిచే వెళ్తున్నాడు.
బియ్యం చాలక పైడమ్మ
పొద్దున్నే చోడంబలి కాస్తోంది.
లేమి కూడా మందుల్లో ఒకటేనా?
నా రిపోర్టులో ఆ గడి లేదు.

"మాత్రలు మానకు నాయుడూ" అన్నాను.
"మాననమ్మా, రెండూ ఏసుకుంతన్నాను."
"ఏసుకో, ఆకుతో ఏమీ అయిపోదులే."
ఆ మాట అన్నది నేనే,
డిప్లొమా గోడకి తగిలించుకున్నదాన్ని.

మిల్లు మళ్లీ తెరిచిన రోజు
సంబరంలో అంబలి మరిచిపోయి,
పొడి మాత్రం మరవకుండా,
గేటు ముందు కూలబడ్డాడు.
గ్లూకోమీటర్ పట్టుకుని
చెప్పుల్లేకుండా పరిగెత్తాను.
చొక్కా పిండేంత చెమట.
వేలు వణుకుతుంటే పట్టుకోవడానికి ఇద్దరు.
నలభై ఆరు.
ఇన్నాళ్లూ మేం భయపడింది పై అంకెలకి.
టీ కొట్టు అసిరయ్య పంచదార నీళ్లు తెచ్చాడు.
ఏడాదిగా ఆయనకి వద్దన్న పంచదారని
గుక్క గుక్కా నేనే తాగించాను.

ఆకు చేసిందో,
పొట్లం కట్టినవాడు ఏ మాత్రనైనా నూరి కలిపాడో,
ఆకూ మాత్రా ఒకే పోగుని
ఒక్క వైపుకే లాగాయో,
పెద్దాసుపత్రి డాక్టరూ తేల్చలేదు.
పనిచెయ్యదని నేను నవ్విందే
ప్రాణం దాకా వెళ్లి పనిచేసింది.

ఆ మర్నాడు రిజిస్టర్లో స్కేలు పెట్టి
ఒక గడి కొత్తగా గీశాను.
ఇంట్లో ఏం తాగుతున్నారు, ఏం నముల్తున్నారు?
సత్యవతి ఉసిరి రసం అని చెప్పి,
కాసేపాగి తిప్పతీగ అంది,
మెట్లు దిగి మళ్లీ ఎక్కి వచ్చి
రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటున్నానంది.
"అదే ముందు చెప్పాలమ్మా!"
"నువ్వు అడిగేవేటి?"
నిజమే. ఇన్నేళ్లూ అడగలేదు.

ఎర్రునాయుడు ఇప్పుడు బి షిఫ్టు.
పొట్లం డాక్టరు బల్ల మీద పెట్టి వచ్చాడట.
కొంచెం దాచుకున్నాడని పైడమ్మ అనుమానం.

ఇంకో సంగతి.
నా కొలెస్ట్రాల్ రెండు వందల నలభై.
అవిసె గింజలు దోరగా వేయించి, దంచి,
స్లైడ్ల డబ్బాల వెనక దాచాను.
తలుపు తీసేలోపు ఒక చెంచాడు
నోట్లో వేసుకుని
సైరన్ కూసేదాకా నములుతాను.
కొత్త గడిలో
నా పేరుకెదురుగా ఇంకా ఏమీ రాయలేదు.