పచ్చ పొర

సైదాపురం బంగళా వేలంలో
కాలేషా తూకానికి కొన్న పాతసామాను:
కీ ఇచ్చే గ్రామఫోను ఒకటి, దానికి కొమ్ము లేదు.
గోనెసంచిలో పదకొండు ప్లేట్లు.
ఏడు పగిలినవి. మూడు తెల్లోళ్ళ బ్యాండుమేళం.
మిగిలినదాని నడిమి కాగితం మీద
కుడి నుంచి ఎడమకు నడిచే అక్షరాలు.

“ఉర్దూనా?” అన్నాను.
కళ్ళజోడు నుదుటికి నెట్టి చూశాడు.
“కాదు. మావి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి.
ఇవి దేనికది నిలబడ్డాయి, రేషను క్యూలో లాగా.”

రేడియోలు బాగుచేసి బతికిన చేతులు నావి,
ఇప్పుడు మిక్సీలు, ఎండాకాలం కూలర్లు.
స్ప్రింగుకు గ్రీజు పెట్టి సూది దించాను.
చాలాసేపు వేపుడు చప్పుడు.
ఆ చిటపటల అడుగు నుంచి
ఒక మగగొంతు లేచింది.
తాళం లేదు, తంబురా లేదు,
వెనక గోడలా నిలబడ్డ కుర్రాళ్ళ మూలుగు తప్ప.

నేనెరిగిన పాట దారిన పోతుంది.
ఇది గడప దగ్గర ఆగింది, తలుపు తట్టింది,
ఎవరూ పలక్కపోతే
బతిమాలి, కోప్పడి, పాతబాకీలు ఎత్తి,
మళ్ళీ తట్టింది.
పైకి పోయి పోయి ఒకచోట గొంతు విరిగింది.
విరిగిందా, విరిచాడా?
మూడుసార్లు విన్నాను. అదే చోట.
విరిచాడు.

రామాయపట్నంలో చదివిన రత్నం పాస్టరు
అక్షరాలు కూడబలుక్కుని
“యూదులది” అన్నాడు.
“వాళ్ళ ప్రార్థనలో అందరి తరఫునా ఒకడు పాడతాడు.”
అర్థమేమిటంటే తల గోక్కున్నాడు:
“మాకు అక్షరాల వరకే జరిగింది. తర్వాత అయ్యవారికి జ్వరం.”

మర్నాటికి గొంతు గరగరలాడింది.
సౌండుబాక్సు విప్పితే
గుండ్రటి అభ్రకం రేకు, మధ్యలో చీలిక.

మా మేనత్త చెంగమ్మ చెయ్యి చాచింది.
రెండు కళ్ళకీ పొరలు. ఆపరేషనుకు రానంటది.
పదేళ్ళ పిల్లప్పటి నుంచి రేకుల షెడ్డులో
కత్తిమొనతో కాకిబంగారం విడదీసిన వేళ్ళు.
రేకును పెదవికి ఆనించుకుంది.
“మనదే. పచ్చ రాయి. బీహారుదైతే ఎరుపు.”
రంగు పెదవికెట్లా తెలుస్తుందని నేనడగలేదు.

“ఆ బంగళాలో ఒక దొర ఉండేవోడు, రాయి కొనుక్కుపోను వచ్చి.
శనివారం త్రాసు ముట్టడు. కూలి ఆదివారమే.
రాత్రిళ్ళు ఈ ఏడుపే పెట్టుకునేవోడు.
మేం నవ్వుకునేవాళ్ళం.”

ట్రంకుపెట్టె అడుగున చీరపేలికలో
అరచేతంత పలక దాచింది, ఎందుకో.
కత్తి తెమ్మంది.
పొర, పొరలోంచి పొర, దానిలోంచి ఇంకోటి,
ఊదితే ఎగిరేంత పల్చన.
కత్తిరించి బిగించాను.

ఈసారి గొంతు పక్కగదిలోంచి వచ్చినంత దగ్గర.
ఊపిరి తీసుకోవడం వినబడింది.
బాకీ డబ్బులకొచ్చిన కాలేషా
ఏదో ఒక మాట దగ్గర చటుక్కున తలెత్తాడు,
“రహ…” అని పెదవి కదిపాడు,
వినిపించకుండా పోయేసరికి
“సరే, నూటపాతిక చెయ్” అన్నాడు.

అత్త అంది: “ఎవురు పోయారంట ఆయనకి?”
తెలియదన్నాను.
“శోకం తీసేటప్పుడు మనం చనిపోయినోళ్ళతో మాట్లాడతాం.
ఈయన వాళ్ళ గురించి ఇంకెవరితోనో మాట్లాడతన్నాడు.
పై అధికారితో.”

మామ పేరు ఆమె ఎత్తలేదు.
ఇరవైరెండో నంబరు గుంతలో
రాత్రికి రాత్రి ఊట పడ్డ సంగతి
ఊళ్ళో ఎవరైనా చెబుతారు,
ఆమె తప్ప.

కరెంటు పోయింది. పెట్టె ఆగలేదు,
దానికి కరెంటుతో పని లేదుగా.
చీకట్లో ఆ గొంతు ఒక్కటే.
కాసేపటికి స్ప్రింగు సడలింది.
గొంతు బరువెక్కింది, సాగింది,
మెట్టు మెట్టు కిందికి,
తట్టలో కూచోబెట్టి తాడు వదులుతున్నట్టు
మనిషిది కాని లోతుకు.

అత్త లేచి నిలబడింది.
గిరక దగ్గర ఆడోళ్ళు వేసే కేక,
ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని గొంతుతో:

“తిప్పరా! తిప్పు!
కిందికి పోతన్నాడు!”