గీసిన కిటికీలు

పాల సంఘం వాళ్ళ బస్సు అది.
ఏడాదికొకసారి, మేత కోతలయ్యాక,
కొండ దిగి ఎక్కడికో ఒక చోటికి పోతుంది.
పోయినేడు ఉప్పు గని. ఈసారి జెనోవా.
ముప్పై ఒక్క మందిమి. చీకటితోనే పాలు పితికి,
ఎంత కడిగినా చీజు వాసన పోని చేతులు
ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం.
సాయంత్రం పాలకు పొరుగింటి కుర్రాడు ఒప్పుకున్నాడు గానీ
ఆవులకు వాడంటే నమ్మకం లేదు.
నాలుగున్నరకి బస్సు కదలాలని
డ్రైవరు రెమీజో రెండుసార్లు నోటితో చెప్పాడు,
మూడోసారి హారన్‌తో.

సొరంగం తర్వాత సొరంగం.
ఇరవై దాకా లెక్కపెట్టి వదిలేశాను.
ఆఖరి దాని నోట్లోంచి బయటపడితే
సముద్రం లేదు.
క్రేన్లు. డబ్బాల మీద డబ్బాలు.
"ఏదీ సముద్రం?" అన్నాడు అన్సెల్మో,
డెబ్బై తొమ్మిదేళ్ళవాడు, కొత్త టోపీ పెట్టినవాడు.
"వాటి వెనకాల ఉంది," అంది గైడు ఇవాల్డా,
లోపలి గదిలో పడుకున్న ముసలాయన గురించి చెప్పినట్టు.

సందులు. మా ఎర్రావు ఒకసారి దూరిందంటే
మళ్ళీ వెనక్కి తిప్పలేం, అంత ఇరుకు.
అటూ ఇటూ ఏడేసి అంతస్తులు,
మధ్యలో చింపి పారేసిన రిబ్బనంత ఆకాశం.
ఎవరో దొర మేడ గుమ్మం మీద నల్లరాతి చెక్కడం:
గుర్రమెక్కిన వీరుడు, కింద చస్తున్న సర్పం.
దాని కిందే సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు.
సెనెగల్ కుర్రాడొకడు ఊపిరి బిగబట్టి
నువ్వుగింజంత మర ఎక్కడో పడేసుకుని వెతుకుతున్నాడు.
మేం ముప్పై ఒక్క మందిమీ
కాళ్ళెత్తి కాళ్ళెత్తి నడిచాం.

పెద్ద చర్చి, నలుపూ తెలుపూ చారలది,
మా అత్త అల్లిన మేజోడులాగా.
లోపలొక మూల పేలని ఫిరంగి గుండు.
యుద్ధంలో కప్పు పగలగొట్టుకుని వచ్చిందట,
వచ్చి ఊరుకుందట.
అందరూ ఫోటోలు తీస్తుంటే నేను చెయ్యి వేశాను.
చల్లగా ఉంది, తెల్లారి పాలక్యాను అడుగులా.

నూనె కాగితంలో ఉప్పు రొట్టె.
దాన్ని పాల కాఫీలో ముంచి తినమంది ఇవాల్డా.
సగంమంది మొహాలు తిప్పుకున్నారు.
తక్కిన సగం రెండోది అడిగారు.

తర్వాత ఆ గులాబిరంగు గోడ.
నాలుగు వరసల కిటికీలు, ఆకుపచ్చ రెక్కలు,
ఒక్కో రెక్క కింద నీడ, ఒకచోట నిద్రపోతున్న పిల్లి.
"చెప్పండి, వీటిలో ఎన్ని నిజం?"
గోడలకు చెవులుంటాయంటారు.
ఈ ఊళ్ళో వాటికి కళ్ళు కూడా గీసిపెట్టారు.
ఎందుకు గీశారంటే ఇవాల్డా మూడు కారణాలు చెప్పి
మూడూ నమ్మొద్దంది.

నేనొకదాన్ని పట్టేశాను.
మూడో వరస, కుడినుంచి రెండోది.
నీడ మరీ శుభ్రంగా ఉంది.
ముప్పై ఏళ్ళుగా చీజు చక్రాన్ని వేలితో కొట్టి
లోపల డొల్లో కాదో చెబుతున్నదాన్ని.
"అది బొమ్మ," అన్నాను, అందరికీ వినపడేలా.

అది తెరుచుకుంది.

రాత్రి గౌనులో ఒకావిడ బల్లగుడ్డ దులిపింది.
రొట్టె పొడి మా మీద, అన్సెల్మో టోపీ మీద.
కిందికి చూసింది.
వరసగా పైకెత్తిన ముప్పై ఒక్క మొహాలు,
కదలనివి.
మమ్మల్ని ఎవరు గీశారనుకుందో
మెల్లగా రెక్కలు వేసుకుంది.

ఆఖరి ఇరవై నిమిషాల్లో సముద్రం చూపించారు.
రాతి గట్టు మీద మోకాళ్ళు ఆనించి
అన్సెల్మో వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు,
చీజు నానేసే ఉప్పునీళ్ళు చూసినట్టే.
"పలచన," అన్నాడు. "ఇంకో రెండు దోసిళ్ళు పడాలి."
టోపీ మాత్రం దులుపుకోలేదు.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర.
దీపం వెయ్యకుండానే కొట్టంలోకి వెళ్ళాను.
ఎర్రావు నా మణికట్టు పట్టుకుని
ఇటూ అటూ, మళ్ళీ ఇటూ, చాలాసేపు నాకింది.
నేను చూడని ఊరేదో
దానికి దొరికినట్టుంది.
కుర్రాడు రెండు లీటర్లు తక్కువ పితికాడు.