అట్టముక్క

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను కోసి
బండి కింద పరిచాను.
తెల్లారేసరికి దాని మీద
అరచేతంత నలుపు.

రెండేళ్లుగా ఇదే వరస.
కింద వాటా వరహాలమ్మగారు ముగ్గేసి
లోపలికెళ్లి కాఫీ కలుపుకుని వచ్చేలోపు
నా తొంభై ఆరు మారుతి
అందులో ఒక చుక్క అదనంగా పెట్టేది.
"లెక్క తప్పుతోంది నాయనా"
అనేవారు, కోపం లేకుండానే.
కోపం ఉంటే బాగుండేది.

నవ్వొచ్చే సంగతేమిటంటే
నేను చేసేది రేవులో,
టగ్గు అడుగున, ఇంజన్ రూములో.
పదిహేను వందల గుర్రాల పక్కన
చెవుల్లో దూది పెట్టుకుని ఇరవయ్యారేళ్లు నిలబడ్డవాణ్ణి.
కొండంత ఓడను ముక్కుతో నెట్టుకుంటూ
డాల్ఫిన్ నోస్ పక్కనుంచి బెర్తుకి చేరుస్తాం.
ఇంటికొస్తే ఈ మూడు సిలిండర్ల పిల్ల
నాచేత గచ్చు కడిగిస్తుంది.

ముందు పైమూత గ్యాస్కెట్ మార్చాను.
జ్ఞానాపురంలో కొన్నది, నూట ఎనభై.
మూడు వారాలు అట్ట పొడిగా ఉంది.
నాలుగో వారం డిస్ట్రిబ్యూటర్ దగ్గర చెమ్మ.
ఆ రింగు మారిస్తే
ఆయిల్ పాన్ అంచున.
పాన్ విప్పి, గీకి, సీలెంటు పూసి బిగిస్తే
క్రాంక్ సీలు.
ఒక నోరు మూస్తే ఇంకో నోరు.
"అమ్మేయండి" అంది మా ఆవిడ.
ఉప్పుగాలి రెండు తలుపులు తినేశాక
మిగిలిన దాన్ని ఎవరు కొంటారు?

కంచరపాలెం గేటు దాటాక
డిల్లేశు షెడ్డు.
స్పానర్ ముట్టలేదు వాడు.
"ఇంట్లో పౌడర్ డబ్బా ఉందేటి బావూ?"
మా అమ్మాయిది తెచ్చిచ్చాను, మల్లెల వాసన.
కిరసనాయిలుతో ఇంజన్ కడిగాడు.
రేవు దుమ్ము, నా పాత సీలెంటు, నా తెలివి
అన్నీ ఒకే బకెట్లోకి దిగాయి.
ఆరాక, ఒళ్లంతా పౌడర్ అద్దాడు.
బడికెళ్లే పిల్లలా తెల్లగా నిలబడింది.
"సింహాచలం ఘాటు ఎక్కించి తే."

ఎక్కాను. పైన దర్శనానికి ఆగలేదు.
దేవుడి దాకా తీసుకెళ్లే సంగతి కాదిది.

తిరిగొచ్చి బానెట్ ఎత్తితే
తెలుపు మీద ఒకటి కాదు, మూడు గీతలు,
మూడు చోట్ల నుంచి, కాటుక కరిగినట్టు.
డిల్లేశు చూసి నవ్వాడు.
"ఇది కారడం కాదు బావూ. ఆయాసం."
మూత మీది సన్నటి గొట్టం పీకి
సైకిలు చువ్వతో పొడిచాడు.
గోధుమరంగు ముద్ద, మాడిన జున్నులా,
తెగకుండా వచ్చింది.
"ఊపిరి ఆడకపోతే
ఏ సందు దొరికితే ఆ సందులోంచి కక్కేస్తాది.
నువ్వు నోళ్లు మూసుకుంటా వచ్చినావు.
ముక్కు సూళ్లేదు."

నూట యాభై తీసుకున్నాడు.
పౌడర్ డబ్బా ఉంచేసుకున్నాడు.

ఆ రాత్రి డ్యూటీ.
ఎక్కగానే నేను మొదట చెయ్యిపెట్టి చూసేది
క్రాంక్‌కేస్ గాలిగొట్టమే.
లాగ్ బుక్కులో ప్రతి షిఫ్టుకీ
నా దస్తూరీతోనే ఉంది: గాలిగొట్టం, సరే.
ఇరవయ్యారేళ్ల సరేలు.
పెన్ను పట్టుకుని కాసేపు ఆగిపోయాను.
పైనుంచి కెప్టెన్ బెల్లు కొట్టాడు,
ఏదో ఓడ ఎదురుచూస్తోందట.

తొమ్మిది రోజులుగా అట్ట పొడిగానే ఉంది.
తీసి చెత్తబండికి వేసేశాను.
పొద్దున వరహాలమ్మగారి ముగ్గు చూశాను,
ఎనిమిది రేకుల పద్మం,
నా బంపర్ కిందకు వచ్చే వైపు
గీత ఒకటి తప్పుకుని చుట్టూ తిరిగింది.
నా చుక్క కోసం
ఆవిడ ఇంకా చోటు వదులుతూనే ఉన్నారు.