ఎద్దు కన్ను

నల్లగొండ గడియారం సెంటర్ల, మెట్లెక్కితే మా రూము.
కిందికెల్లి మిర్చి బజ్జీల పొగ,
లోపల ఇంద్రసేన సిగరెట్టు పొగ.
బోర్డు మీద డిటెక్టివని అతని పేరొక్కటే ఉంటది.
నాది కేసు డైరీల అట్ట లోపల, పెన్సిల్ తోని.

నేను పశువుల కంపౌండర్ని.
మునుగోడు, చండూరు, మర్రిగూడ తిరిగి
ముప్పై ఏండ్లు ఎడ్ల నాలుకలు, బర్ల పొదుగులు చూసినోణ్ని.
"బొమ్మల సంగతి నీకేం ఎరుక, అంజిలప్పా" అంటడు.

నా మంచం కాడ మూడు పటాలున్నయి.
ఎరువుల కంపెనీ క్యాలెండరు,
నెలలన్ని చింపినంక మిగిలిన నెమలి.
పానగల్లుల పది రూపాయలకు కొన్న
ముట్టె విరిగిన నంది ఫోటో.
చండూరుల ఒక పిల్లగాడు
సూది మందు పైసలకు బదులు గీసిచ్చిన గొర్రె,
దానికి ఐదు కాళ్ళు.
ఐదోది ఎందుకురా అంటే
"అది ఉరుకుతున్నది సార్" అన్నడు.

ఇంద్రసేన మూడు రోజులు నవ్విండు.

దేవరకొండ దిక్కు ఒక గడీల నూనె రంగుల పటం పోయింది.
అతను మొల కొలిచిండు, గోడ మీది దుమ్ము కొలిచిండు,
కిటికీల చీమల బారును గూడ అడిగినంత పని చేసిండు.
పద్దెనిమిదో రోజు
హైద్రాబాదుల పాత సామాన్ల దుకాణంల దొరికింది.
"మా నాయనమ్మే" అన్నది దొరసాని.
"ఇదే గుండ్లపేరు, ఇదే గద్వాల అంచు."
అతను భూతద్దం జేబుల పెట్టుకున్నడు.

అందరు ఆమెను చూసిండ్రు.
నేను ఆమె వెనక, దొడ్లె, గుంజకు కట్టేసిన ఎద్దును చూసిన.

అసలు పటం నాకు ఎరుకైంది వాళ్ళ పెండ్లి ఫోటోల,
గోడ మీద, అగ్గిపెట్టెంత.
అంత చిన్నదాంట్ల గూడ ఎద్దు ఎడమ కన్ను తెల్లగ ఉండె.
పువ్వేసిన కన్ను.
ఈ పటంల అది నేరేడు పండు లెక్క మెరుస్తున్నది.

"ముదిరిన పువ్వు పోదు" అన్న.
"నా సర్వీసుల ఒక్కటి పోలే."

అతని సిగరెట్టు వేలు దాక కాలింది.

నకలు గీసినోడు నకిరేకల్ల బోర్డులు రాసుకునేటోడు.
ఏడ్చుకుంట చెప్పిండు,
"బూజు మచ్చ అనుకున్న సార్, బాగుచేసిన."

అసలుది ఇంకా దొరకలే.
డైరీల "ఇంద్రసేన కనిపెట్టిండు" అని రాసిన,
ఎప్పటి లెక్కనే.
కానీ నాకు ఆ మొదటి మనిషి మీదనే మనసు పోతది.
దొర పైసలిచ్చింది బంగారం గీయనీకి.
ఆయనెవరో, సంతకం గూడ లేదు,
గుండ్లపేరు కాడ ఎంతసేపు కూసున్నడో
గుడ్డి కన్ను కాడ అంతసేపు కూసున్నడు.
నేనైతే మందు పోసేటోణ్ని.
ఆయన పోయలే. చూసిండు, అంతే.

నిన్న అర్ధరాత్రి మెలకువైతే
గోడ కాడ ఇంద్రసేన, బనీను మీద,
భూతద్దం పట్టుకొని
గొర్రె ఐదో కాలు కాడ వంగి ఉన్నడు.
"ఏమన్న దొరికిందా" అన్న.
"పండుకో" అన్నడు.

లైటు మాత్రం ఆర్పలే.