ఏ, గీత, పీ

నా పాస్‌పోర్టు అట్ట మీద రెండు పులులు నిలబడి ఉంటాయి.
లోపల నా పేరు, దాలమ్మ.
పక్కన ఏ, ఒక వాలుగీత, పీ.
ఆ పక్కన మా అయ్య, సింహాచలం.

హాడోస్ రోడ్డు ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు
గీత మీద పెన్ను మొన ఆనించి
"ఆంధ్రప్రదేశా అమ్మా?" అన్నాడు.
కాదు బాబూ, మలయ్ మాట. ఫలానా వారి కూతురని.
ఆంధ్రప్రదేశ్‌ని నేను ఒక్కసారే చూశాను,
రాత్రి రైల్లో, తడ దాటాక, నిద్ర పట్టేదాకా.
"మరి ఈ తెలుగు?"
మా నాయనమ్మ ఓడలో తీసుకెళ్లింది.
దాన్ని ఏ రేవులోనూ ఎవరూ సోదా చెయ్యలేదు.
ఏటి, నమ్మవేటి, అంటే నవ్వాడు.
వాళ్ల తిరుత్తణి తెలుగులో ఈ 'ఏటి' లేదట.
మొన్న మా కాన్సులేట్‌లోనూ ఇలాగే నవ్వారు,
నా మలయ్‌కి మద్రాసు యాస పట్టిందని.

పెరంబూరులో పంతొమ్మిదేళ్లు.
ఏడాదికొక పర్మిట్టు, ఏడాదికొక ఫోటో.
చెవులు రెండూ కనపడాలి, నవ్వకూడదు,
వెనక గోడ తెల్లగా ఉండాలి.
బొట్టు ఉండొచ్చా అని మొదటేడు అడిగాను.
ఈ ఏడు అడగాల్సిన పని పడలేదు.

కరెంటు బిల్లు ఆయన పేరున. అద్దె కాగితం ఆయన పేరున.
గ్యాసు పుస్తకం కూడా.
ఇంట్లో ఉంటున్నది మాత్రం నేను.

జెరాక్స్ కొట్టు పొన్ని కంప్యూటరు ముందు చెయ్యి ఆపింది.
దేశంలో ఉండటానికి కారణం:
పద్దెనిమిదిసార్లు ఆలోచించకుండా 'భర్త' అని నింపిన గడి.
"ఏం పెట్టనక్కా? చదువా, ఉద్యోగమా, వైద్యమా?"
అన్నిటికంటే కింద 'ఇతరములు' ఉంది.
అదే పెట్టమన్నాను.

ఇతరములంటే, పొన్నీ,
కొట్లో పదకొండు కుట్టుమిషన్లున్నాయి, చీటీలు కట్టి.
ఒకదాన్ని సగం విప్పి, టీ తాగొస్తానని లేచారు ఆయన.
మరలు ఇంకా ఆ సత్తు పళ్లెంలోనే ఉన్నాయి.
సొంతదారులు ఒక్కొక్కరే వస్తున్నారు.
చీటీ మీది గిలుకుడు రాత చదవగలిగింది నేనొక్కదాన్నే.
నూనె వెయ్యడం వచ్చు, బాబిన్ కేసు మార్చడం వచ్చు.
టైమింగు కుదర్చడం ఇంకా చేతికి రాలేదు.

ఇంత ఆ పిల్లతో అనలేదు.
ఆ గడిలో యాభై అక్షరాలే పడతాయి.

ఓటీపీ ఆయన నంబరుకే వస్తుంది.
ఎనభై నాలుగు రోజులకోసారి దానికి రీచార్జి చేయిస్తాను.
సంచిలో, కర్చీఫు మడతలో, అది టింగుమంది.
ఆరంకెలు. పది నిమిషాల్లో వాడుకోవాలట,
ఎవరికీ చెప్పకూడదట.
పొన్నికి చెప్పాను.

కుర్రాడు ఆ గడిని చూశాడు, నన్ను చూశాడు.
"ఇతరములంటే ఏమిటో ఒక ఉత్తరం రాసివ్వండమ్మా.
పైవాళ్లు అడుగుతారు."
తెలుగులో రాయనా?
"రాయండి," గొంతు తగ్గించాడు, "ఇంగ్లీషు నేను చేయిస్తా."

బెంచీ మీద కూర్చున్నాను, ఒళ్లో తెల్లకాగితం.
ఈ అక్షరాలు పెళ్లయ్యాక నేర్చుకున్నవి,
పాత చీటీల వెనక,
బెల్టు, సూది, పాదం,
ఆయన రాస్తే నేను దిద్ది.
'అయ్యా' అని రాసి కామా పెట్టాను.

అర్జీలన్నీ ఇలాగే మొదలవుతాయని తెలుసు.
అయినా ఆ మాట పడగానే, పామాయిలు తోటలో
పొడుగాటి కొడవలి కర్ర కిందికి దించి
మా అయ్య ఇటు తిరిగాడు.
"ఏటే దాలీ, పిలిసినావా?"

పక్కన సూడాన్ కుర్రాడు పెన్ను కోసం చెయ్యి చాపాడు.
రెండు నిమిషాలు బాబూ, అన్నాను,
తెలుగులోనే.